నత్తల్ని చంపింది ఆ జెర్రి కాదు: ఒక రీఫ్ ట్యాంకు కేసు

డాలస్ చుట్టుపక్కల ఇళ్ళల్లో ఉప్పునీళ్ళ ట్యాంకులు చూసుకోవడం నా పని. నీళ్ళు మార్చడం, టెస్టులు చెయ్యడం, స్కిమ్మర్ కప్పు కడగడం, ఎక్కువ శాతం ఇదే ఉంటుంది, ఎప్పుడో ఒకసారి ఇలాంటి కేసు తగుల్తుంది. ఇది ఫ్రిస్కోలో ఒక తెలుగువాళ్ళింటి రీఫ్ ట్యాంకు, అంటే బండల మీద పగడాలు కూడా పెంచే ఉప్పునీళ్ళ ట్యాంకు. "రాసుకో అన్నా, మా పేర్లు మాత్రం వద్దు" అన్నారు, కాబట్టి పేర్లు లేవు.

ఆ ఇంటాయన ఫోన్లో చెప్పింది ఏంటంటే, నత్తలు ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోతున్నాయి, జోఆంథిడ్స్ అనే పువ్వుల్లాంటి చిన్న మెత్తటి జీవాలు తెల్లారేసరికి సగం ఉంటున్నాయి, బండల కింద ఐప్టేజియా, అంటే కలుపులా పాకే చిన్న ఎనిమనీ, గుంపులు గుంపులుగా పెరిగిపోతోంది. చంపేదెవరో కూడా ఆయనే తేల్చేశాడు. రాత్రి పన్నెండింటికి టార్చ్ వేసి చూస్తే జానెడు పొడవున్న పురుగొకటి చచ్చిన నత్త మీద చుట్టుకుని తింటూ దొరికిందట, వీడియో కూడా పంపాడు. "అన్నా, ఇదే కదా, ఇంకేం కావాలి, మొత్తం బండలు తీసి కడిగేసి మళ్ళీ మొదలుపెడదాం" అన్నాడు. వెనక నుంచి వాళ్ళమ్మగారి గొంతు, "ఆ జెర్రుల బండల్ని మరిగే నీళ్ళల్లో వేస్తే సరి, పీడా పోద్ది".

నేను ముందు చెప్పిన మాట ఒకటే, వచ్చేదాకా పొయ్యి మీద నీళ్ళు పెట్టొద్దు. ఇది ఆమె మీద జోకు కాదు. జోఆంథిడ్స్‌లో, ముఖ్యంగా వాటిల్లో పాలిథోవా అనే రకంలో, పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, 1971లో హవాయి పాలిథోవా నుంచి దాన్ని మొదటిసారి వేరు చేశారు, జీవులు తయారుచేసే విషాల్లో అతి భయంకరమైన వాటిల్లో అదొకటి. బండని ఉడకబెట్టినా, వేడినీళ్ళతో రుద్దినా ఆవిరితో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాస్కాలో 2012 నుంచి 2014 మధ్య అక్వేరియం షాపుల్లో, ఇళ్ళల్లో ఇలా జోఆంథిడ్స్ వల్ల పాలిటాక్సిన్ పీల్చి జబ్బు పడ్డట్టు అనుమానించిన కేసుల్ని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2015లో రిపోర్టు చేసింది. జ్వరం, దగ్గు, ఊపిరాడకపోవడం, నోట్లో లోహం రుచి, ఇవి లక్షణాలు. చాలామందికి ముందు ఫ్లూ అనిపిస్తుంది. అందుకే ఆ బండల్ని ముట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్ళద్దాలు, కోసేటప్పుడు మొహం మీదికి చిమ్మకుండా నీళ్ళల్లోనే పని, ఉడకబెట్టడం అనేది అసలు మాటే కాదు.

ఇక ట్యాంకు సంగతి. 75 గాలన్లు, అంటే సుమారు 284 లీటర్లు, ఒక జత క్లౌన్ ఫిష్, ఒక రాయల్ గ్రామా, ట్రోకస్, ఆస్ట్రియా, నసారియస్ నత్తలు, పది పన్నెండు ఫ్రాగులు, అంటే పెంచుకోడానికి కోసి అమ్మే పగడాల ముక్కలు. సాలినిటీ 1.025, టెంపరేచర్ 78 ఫారెన్‌హీట్, ఆల్కలినిటీ 8.4, నైట్రేట్ 10 దగ్గర, కాపర్ లేదు. నీళ్ళ తప్పు కాదని అక్కడే తేలిపోయింది. నత్తలు వరసగా చచ్చిపోతుంటే నేను ముందు నీళ్ళనే అనుమానిస్తా, ఎందుకంటే పదింటిలో ఎక్కువ సార్లు అదే ఉంటుంది, దుకాణం నుంచి తెచ్చి సరిగ్గా అలవాటు చెయ్యకుండా సాలినిటీ తేడాతో వదిలేస్తే నత్తలు రెండు మూడు రోజుల్లో రాలిపోతాయి. ఇక్కడ మాత్రం ఎప్పట్నుంచో బతికున్నవి పోతున్నాయి.

అసలు కీలకం బండలు. దాదాపు 60 పౌండ్ల లైవ్ రాక్, అంటే జీవాలు పట్టిన సముద్రపు బండ, ఫ్లోరిడా వైపు మెక్సికో గల్ఫ్‌లో సాగుచేసినది. సముద్రం నుంచి సహజంగా ఉన్న లైవ్ రాక్ తవ్వుకోవడం అక్కడ 1990లలోనే ఆపేశారు, ఇప్పుడు పర్మిట్ ఉన్నవాళ్ళు వేరేచోట తవ్విన సున్నపురాయి తెచ్చి సముద్రం అడుగున పడేసి, ఏళ్ళ తరబడి దాని మీద జీవం పట్టాక తీసి నీళ్ళతో సహా విమానంలో పంపుతారు. అలా వచ్చిన బండ మీద ఉండేవి స్పాంజీలు, ట్యూనికేట్లు, చిన్నచిన్న పగడాలు, పీతలు, రొయ్యలు, పురుగులు, మనం ఆర్డర్ చెయ్యనివన్నీ. ఎండుబండ పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు, ఈ వైవిధ్యం కూడా ఉండదు. నేనైతే గల్ఫ్ బండకే ఓటేస్తా, కాకపోతే తెలిసి వేస్తా. హైదరాబాద్ నుంచి నన్ను ఇలాంటి సెటప్ గురించి అడిగేవాళ్ళకి ఇదే చోట చెప్పేస్తున్నా, మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో రీఫ్ కట్టే గట్టి పగడాలన్నీ ఉన్నాయి, ఫైర్ కోరల్, బ్లాక్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్లు కూడా, కాబట్టి మన్నార్ గల్ఫ్ ముక్క అని ఎవరన్నా చేతిలో పెడితే తీసుకోకండి.

ఇంటికెళ్ళాక ముందు నేను ట్యాంకు వైపు చూడలేదు, చచ్చిన నత్తల గుల్లలు ఏం చేశారని అడిగా. అదృష్టం కొద్దీ వాళ్ళబ్బాయి వాటిని ఒక డబ్బాలో దాచుకున్నాడు. గుల్ల మీద ఉన్నంత సాక్ష్యం ఏ ఫోటోలోనూ ఉండదు. గుల్లకి ఏమీ కాకుండా లోపల ఖాళీ అయితే నత్త దానంతటది చచ్చిపోయి ఉండొచ్చు, తర్వాత ఎవరో శుభ్రం చేసి ఉండొచ్చు, లేదా గుల్ల కోసం హెర్మిట్ పీత గుంజేసి ఉండొచ్చు. డ్రిల్లు పెట్టి తొలిచినట్టు సన్నటి గుండ్రటి చిల్లు ఉంటే వేటాడే నత్త పని. అంచులు ముక్కలు ముక్కలుగా విరిగితే పీత మీద అనుమానం. ఈ డబ్బాలో గుల్లలు ఎక్కువ భాగం అంచు దగ్గర కాదు, పక్క నుంచి పగిలి ఉన్నాయి, ఒకచోట గట్టిగా దెబ్బ పడి అక్కడ్నుంచి చీలిక పాకింది. పురుగుకి ఇలా కొట్టే అవయవమే లేదు. బ్రిసిల్ వర్మ్, అంటే ఈ ముళ్ళ పురుగుది మెత్తటి నోరు, చచ్చినదాన్ని, చావబోతున్నదాన్ని తింటుంది, సున్నపు గుల్లని పగలగొట్టడం దాని వల్ల కాదు. ఆయన చూసింది శవం దగ్గరకొచ్చిన పాకీవాణ్ణి, అంతే.

ఆ వీడియో ఆపి ఆపి చూశాం. గల్ఫ్ బండ కాబట్టి ఒక ప్రమాదం కొట్టిపారెయ్యాలి, అదేంటంటే హెర్మోడిస్ కరుంకులేటా అనే ఫైర్‌వర్మ్ ఆ నీళ్ళల్లోనే ఉంటుంది, అది నిజంగానే పగడాలు తింటుంది. దానికి ఒంటి పొడుగునా తెల్ల ముళ్ళ పక్కన ఎర్రగానో నారింజరంగుగానో గుబురు మొప్పలుంటాయి, తల మీద మడతలు పడ్డ కండ పెద్దగా కనిపిస్తుంది. మన వీడియోలోది గులాబీ బూడిద రంగు ఒళ్ళు, తెల్ల ముళ్ళు, గుబురు లేదు, తల మీద చిన్న కండ. మామూలు యూరితో జాతి బ్రిసిల్ వర్మ్, ఎక్కువ తిండి వేసే ప్రతి ట్యాంకులో ఉండేదే. ఇంకో అనుమానం యూనిసిడ్ పురుగు, తల మీద ఐదు మీసాలు, ఒళ్ళంతా ఇంద్రధనుస్సు మెరుపు, గట్టి దవడలు. ఇంగ్లండ్‌లో న్యూకీ ఊళ్ళో బ్లూ రీఫ్ అక్వేరియం వాళ్ళకి 2009లో పగడాలు సగానికి తెగిపోతుంటే, చేపలకి గాయాలవుతుంటే, పెట్టిన ఎరలు మాయమవుతుంటే చివరికి ట్యాంకు మొత్తం విప్పితే బయటపడింది నాలుగడుగుల యూనిసిడ్, దానికి బ్యారీ అని పేరు పెట్టుకున్నారు. ఈ కథ విన్న ప్రతివాళ్ళూ తమ ట్యాంకులోనూ బ్యారీ ఉందనే అనుకుంటారు. మన పురుగుకి ఆ మీసాలూ లేవు, ఆ మెరుపూ లేదు. ముళ్ళు గుచ్చుకుంటే మాత్రం మండుతుంది, సెల్లోటేప్ అంటించి పీకేస్తే వచ్చేస్తాయి, చేత్తో రుద్దకూడదు.

సరే అయితే కొట్టిందెవరు. ఇక్కడ కేసు తిప్పింది వాళ్ళమ్మగారు. ఒంగోలు నుంచి ఆర్నెల్లకి వచ్చారు, పగలంతా ఇంట్లో ఒక్కరే, ట్యాంకు ఉన్న హాల్లోనే కూర్చుంటారు. మేమిద్దరం వీడియో గురించి వాదించుకుంటుంటే ఆమె, "బాబూ, పన్నెండూ ఒంటిగంట అప్పుడు లోపల టక్కు టక్కు మంటది, మోటారేమో అని నేనెవరికీ చెప్పలా" అన్నారు. రాత్రి వినపడుతుందా ఆంటీ అంటే, రాత్రి ఏమీ లేదు, పగలే అన్నారు.

లైవ్ రాక్‌లో శబ్దం అంటే రెండు పేర్లు గుర్తొస్తాయి, పిస్టల్ రొయ్య, మాంటిస్ రొయ్య. పిస్టల్ రొయ్యకి ఒక చెయ్యి పెద్దది, అది మూసే వేగానికి నీళ్ళల్లో బుడగ పుట్టి పేలుతుంది, ఆ బుడగ పేలిన చప్పుడే మనకి వినపడేది, పొద్దూ రాత్రీ తేడా లేకుండా టప్‌మంటూనే ఉంటుంది, నత్తగుల్లల జోలికి పెద్దగా రాదు. మాంటిస్ అయితే వేరే సంగతి. వాటిల్లో పొడిచే రకం, గుద్దే రకం అని రెండు గుంపులు, గుద్దేవాటికి ముందుచేతులు సుత్తుల్లా ఉంటాయి, పీకాక్ మాంటిస్ దెబ్బ వేగం సెకనుకి 23 మీటర్ల దాకా ఉంటుందని 2004లో కొలిచారు. గల్ఫ్ బండల్లో తరచుగా వచ్చేది నియోగోనోడాక్టిలస్ వెన్నెరే, చిటికెనవేలంత ఉంటుంది, గుద్దే రకమే. దీని అలవాటు ఈ కేసుకి సరిగ్గా సరిపోయింది, పగలు తిరుగుతుంది, చీకటి పడితే గూటి ద్వారానికి గులకరాళ్ళు అడ్డం పెట్టుకుని లోపల ఉండిపోతుంది. మన క్లయింట్ పగలు ఆఫీసు, రాత్రి టార్చ్. ఆయన ఎన్ని రాత్రులు కూర్చున్నా అది కనపడదు, పొద్దున అది చంపినదాన్ని రాత్రి తినే పురుగే కనపడుతుంది.

తర్వాత వారం మధ్యాహ్నం వెళ్ళి ఆంటీ పక్కన కూర్చున్నా. ముందు ట్యాంకు లోపల చెత్త ఎక్కడ పోగవుతుందో చూశా, ఎడమవైపు పెద్ద బండ వంపు కింద పగిలిన గుల్ల ముక్కలు చిన్న కుప్పగా ఉన్నాయి, పైన అంగుళం కంటే తక్కువ వెడల్పున్న గుండ్రటి కన్నం, అంచులు నున్నగా. రొయ్య ముక్క ఒకటి పొడవాటి చిమటాకి పట్టి కన్నానికి బెత్తెడు దూరంలో ఉంచా. కాసేపటికి రెండు కళ్ళు బయటకొచ్చాయి, కాడల మీద ఉన్న కళ్ళు, దేనికదే వేరేవేరే వైపు తిరుగుతూ, ఒక్కో కంట్లో వరసగా నల్ల చుక్కలు. మాంటిస్ కళ్ళు ఒక్కసారి చూస్తే ఇంక పొరపాటు పడే అవకాశం లేదు. ఆకుపచ్చ మచ్చల ఒళ్ళు, వెనక తోక ముళ్ళ పలక. ముక్క పట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

దాన్ని పట్టుకోవడం పెద్ద కథేం కాదు. ఏ బండలో ఉందో తెలిసింది కాబట్టి ఆ బండ ఒక్కటే బకెట్లోకి తీసి, కన్నంలోకి సిరంజితో చక్కెర లేని సోడా కొట్టా, సోడాలో కార్బన్ డయాక్సైడ్ వల్ల లోపల ఉండలేక కొద్ది సేపట్లోనే బయటికి దూకింది. బండ మీద మిగతా జీవాలకి పెద్ద దెబ్బ తగలకుండా కన్నం వరకే కొట్టి, వెంటనే ట్యాంకు నీళ్ళతో కడిగి వెనక్కి పెట్టాలి. మంచినీళ్ళల్లో బండంతా ముంచెయ్యమని చాలామంది చెప్తారు, నాకది నచ్చదు, ఒక్కదాని కోసం స్పాంజీల దగ్గర్నుంచి అన్నీ పోతాయి. చేత్తో మాత్రం పట్టుకోకండి, జాలర్లు దీన్ని బొటనవేలు చీల్చేది అని ఊరికే పిలవలేదు.

కానీ జోఆంథిడ్స్ లెక్క ఇంకా తేలలేదు, ఎందుకంటే మాంటిస్ వాటిని తినదు. ఇక్కడ చాలామంది ఒకడు దొరికాడు కదా అని అన్ని నేరాలూ వాడి మీదే వేసేస్తారు. జోఆంథిడ్స్ సగానికి కత్తిరించినట్టు ఉన్నాయి, కాడలు మిగిలి తలలు లేవు. జోఆ తినే న్యూడిబ్రాంక్, అంటే గుల్ల లేని సముద్రపు నత్త అయితే పాలిప్స్, అంటే ఆ పువ్వుల్లాంటి తలలు, మూసుకుని పక్కన చుట్టలు చుట్టలుగా గుడ్లుండాలి, సన్‌డయల్ నత్త అయితే గడులు గడులున్న చదునైన గుల్ల కాడల మధ్యలో దాక్కుని దొరకాలి, రెండూ వెతికితే లేవు. ఇది రాత్రి పనే కాబట్టి ఎర్ర లైటుతో చూడమన్నా, తెల్ల టార్చ్ వేస్తే చాలా జీవాలు పారిపోతాయి, ఎరుపు వాటికి సరిగా కనపడదు. ఆ రాత్రే ఆయన ఫోటో పంపాడు, ఒంటినిండా వెంట్రుకలున్న పీత జోఆ తల పట్టుకుని లాగుతోంది.

పీతల్లో చూడాల్సింది రంగు కాదు, డెక్కల కొసలు. కొసలు చెంచాలా గుంటగా ఉంటే నాచు గీక్కుతినేది, ఎమరాల్డ్ పీత అలాంటిది. సూదిగా నల్లగా ఉంటే మాంసం మీద ఆశ ఉన్నదన్నమాట. ఈ వెంట్రుకల గుంపుని హాబీలో మొత్తంగా గొరిల్లా క్రాబ్ అనేస్తారు, ఫోటో చూసి జాతి పేరు దాకా చెప్పేవాళ్ళని నేను నమ్మను, చెప్పాల్సిన అవసరం కూడా లేదు, డెక్క చూస్తే ఉంచాలో తీసెయ్యాలో తెలిసిపోతుంది. అదే పోసిల్లోపోరా పగడం కొమ్మల మధ్య ఉండే చిన్న ట్రాపీజియా పీతల్ని చూసి భయపడి తీసేసేవాళ్ళున్నారు, అవి ఆ పగడానికి కాపలా కాసేవి, వాటిని కదపకండి. మన పీత కోసం ఒక చిన్న గాజు గ్లాసు బండకి ఆనించి ఏటవాలుగా పెట్టి అడుగున రొయ్య ముక్క వేశాం. లోపలికి జారుతుంది, నున్నటి గోడ ఎక్కి బయటికి రాలేదు. ఒకటి కాదు రెండు పడ్డాయి.

ఇంక ఐప్టేజియా. నాకు ఈ కేసులో ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. ఆయన కాల్క్‌వాసర్, అంటే సున్నం ముద్ద కలిపి సిరంజిలో రెడీగా పెట్టుకున్నాడు, ఒక్కోదాని నోట్లో పొయ్యడమే తరువాయి. నేను ఒక్క నిమిషం ఆగమని పుల్లతో ఒకదాన్ని తట్టా. ఐప్టేజియా అయితే తగిలీ తగలకముందే కన్నంలోకి మాయమైపోతుంది. ఇది నిదానంగా, బద్ధకంగా ముడుచుకుంది, ముడుచుకున్నాక కింద తెల్లటి గట్టి గిన్నె అంచు కనపడింది. ఎముక ఉన్న ఐప్టేజియా లేదు. భూతద్దం పెట్టి చూస్తే నోటి చుట్టూ ఉండే గోధుమరంగు పారదర్శకమైన మీసాలు, అంటే టెంటకిల్స్ మీద తెల్ల పొక్కులు వరసగా ఉన్నాయి, ఐప్టేజియా టెంటకిల్ నున్నగా సన్నగా కొసకి మొనదేలి ఉంటుంది. ఇది ఫిల్లాంజియా అమెరికానా, హిడెన్ కప్ కోరల్ అంటారు, గల్ఫ్ బండల కింద చీకటి మూలల్లో పెరిగే గట్టి పగడం. డబ్బిచ్చి కొందామన్నా ఫ్రాగ్ షాపుల్లో పెద్దగా కనపడదు, ఊరికే వచ్చినదాన్ని ఐప్టేజియా అనుకుని ఎంతమంది చంపుకున్నారో. మొత్తం గుంపులో నిజం ఐప్టేజియా నాలుగో ఐదో ఉన్నాయి, వాటికి మాత్రం ఆ సిరంజి పనికొచ్చింది. ఎక్కువుంటే బెర్గియా న్యూడిబ్రాంకులు తెచ్చేవాణ్ణి, అవి ఐప్టేజియా తప్ప ఇంకోటి ముట్టవు, అది అయిపోతే ఆకలితో చచ్చిపోతాయి.

బండ వెనక రాత్రిళ్ళు మాత్రమే విచ్చుకునే ఇంకొకటి దొరికింది, టెంటకిల్స్ అద్దంలా ఉన్నాయి, ఒక్కోదాని కొసన నారింజరంగు గోళీ. సూడోకొరినాక్టిస్, బాల్ ఎనిమనీ అంటారు గానీ నిజానికి కొరల్లిమార్ఫ్, మష్రూమ్ కోరల్స్ చుట్టం. చిన్న రొయ్యల్ని, చిన్న చేపల్ని పట్టుకుంటుంది కాబట్టి అందంగా ఉన్నా నిఘా పెట్టాలి. ఎర్రటి పొక్కుల్లాంటివి కూడా బండంతా ఉన్నాయి, వాళ్ళబ్బాయి పిల్ల పగడాలు అనుకుని లెక్కపెడుతున్నాడు, అవి హోమోట్రీమా అనే ఫొరామినిఫెరా, ఏకకణ జీవులు, ఎర్రరంగు ఆ గుల్లదే. తెల్ల దారాలు చాచుకునే స్పఘెట్టి వర్మ్‌లు, స్టొమటెల్లా నత్తలు, పెళుసు నక్షత్రాలు అన్నీ ఉండనిచ్చాం.

పగడాల పేర్ల దగ్గరికొస్తే, కొన్న ఫ్రాగుల్లో మూడింటికి పేర్లు తప్పు. చెట్టు పేరు చెప్పి కాయలమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. ఆయన పేర్లు తేల్చమని నాకు పంపిన ఫోటోలన్నీ బ్లూ లైటులో తీసినవి, అందులో ఆవకాయ జాడీ కూడా మెరుస్తూ కనపడుతుంది. లైటు తెల్లగా మార్చి, పంపు ఆపి, పై నుంచి ఒకటి పక్క నుంచి ఒకటి, పాలిప్స్ విచ్చుకున్నప్పుడు ఒకటి ముడుచుకున్నప్పుడు ఒకటి తియ్యమన్నా. తర్వాత లెక్కే. గోనియోపోరా అని అమ్మినదానికి టెంటకిల్స్ లెక్కపెడితే 12, గోనియోపోరాకి 24 ఉండాలి, అంటే ఇది ఆల్వియోపోరా. చూడ్డానికి అక్కాచెల్లెళ్ళలా ఉన్నా కుటుంబం వేరు, ఆల్వియోపోరాని ఇప్పుడు ఆక్రోపోరాల కుటుంబంలో పెట్టారు. అస్థిపంజరం తేలిగ్గా పెళుసుగా ఉంటుంది కాబట్టి ఫ్రాగ్ చేసేటప్పుడు, జరిపేటప్పుడు ఒత్తిడి పెట్టకూడదు. ఇంకొకటి గోధుమరంగు జోఆ అన్నారు, దానికి ఎనిమిదే టెంటకిల్స్, ఒక్కోటి ఈకలా ఉంది, ఎనిమిది ఈకలుంటే ఆక్టోకోరల్, ఇంక జోఆ అయ్యే ప్రశ్నే లేదు, క్లోవ్ పాలిప్ అది, పక్క బండల మీదికి పాకుతుంది కాబట్టి విడిగా చిన్న బండ మీదికి మార్చాం. మూడోది ఫేవియా అని రాసిచ్చారు. 2012 తర్వాత ఇండో పసిఫిక్ ఫేవియాల్లో ఎక్కువ భాగం డిప్సాస్ట్రియా అనే పేరు కిందికి పోయాయి, ఆ పాత పేరు షాపులో పలికితే నాకేం పట్టింపు లేదు. అయితే ఆ గుంపులో పాలిప్ పాలిప్‌కీ సొంత గోడ ఉండి మధ్యలో సన్నటి గాడి ఉంటుంది, ఇక్కడ పక్కపక్క పాలిప్స్ ఒకే గోడ పంచుకున్నాయి. ఫేవైటిస్ అది. రాత్రి పక్క పగడాల్ని కుట్టే పొడుగు స్వీపర్ టెంటకిల్స్ వదుల్తుంది, అప్పటికే పక్కనున్న ఆల్వియోపోరా అంచు తెల్లబడటం మొదలైంది. రెండింటినీ ఆరంగుళాల పైనే దూరం జరిపాం.

బండలు ఏవీ పారెయ్యలేదు, ట్యాంకు విప్పలేదు. మాంటిస్‌ని ఐదు గాలన్ల చిన్న ట్యాంకులో పీవీసీ పైపు ముక్కతో విడిగా పెట్టాం, పిల్లాడు వదిలితే కదా. పీతలు సంప్‌లో, అంటే ట్యాంకుకి కలిపిన ఫిల్టర్ తొట్టిలో ఉన్నాయి. కొత్తగా వేసిన నత్తలు బతికున్నాయి, జోఆ కాడల నుంచి కొత్త తలలు వస్తున్నాయి, హిడెన్ కప్‌కి వారానికి రెండుసార్లు మైసిస్ అనే బుల్లి రొయ్యల మేత డ్రాపర్‌తో పెడుతున్నారు. పురుగులు అలాగే ఉన్నాయి, తిండి తగ్గించమన్నా కాబట్టి కొంచెం తగ్గాయి కూడా. ఇప్పుడాయన ఇంకో 20 పౌండ్ల గల్ఫ్ బండ ఆర్డర్ పెడతానంటున్నాడు. ఈసారి అది నేరుగా మెయిన్ ట్యాంకులోకి పోదు, గరాజ్‌లో హీటర్, పంపు పెట్టిన టబ్బులో నాలుగు వారాలు, మొదటి వారం రోజూ రెండుపూటలా చూడాలి, పగలు ఆంటీ, రాత్రి ఎర్ర లైటుతో ఆయన.